బొమ్మల తెరపై బైబిలు: పిల్లల క్రైస్తవ యానిమేషన్‌లో కథ, నీతి

బైబిలును నీతికథల సంపుటి అనుకుని చదవబోయిన పాఠకుడికి తొలి పుటల్లోనే చిక్కులు ఎదురవుతాయి. పంచతంత్రంలో గానీ ఈసపు కథల్లో గానీ నీతి చెప్పడానికే కథ పుడుతుంది కనుక చివరి వాక్యానికల్లా లెక్క తేలిపోతుంది. ఆదికాండంలో యాకోబు చూపు మందగించిన తండ్రిని మోసగించి అన్నకు దక్కవలసిన ఆశీర్వాదాన్ని కాజేసినా ఆ ఆశీర్వాదం అతనికే నిలుస్తుంది; దావీదు పరాయివాడి భార్యను చేరదీసి ఆమె భర్తను యుద్ధంలో చంపించినా ఆదర్శ రాజుగానే గుర్తుండిపోతాడు; యోనా గ్రంథమైతే ప్రవక్త అలక తీరకముందే, దేవుడు అడిగిన ప్రశ్నకు జవాబు రాకముందే ఆగిపోతుంది. ఇటువంటి కథల నుంచి ఏడేళ్ల పిల్లవాడికి పనికొచ్చే బుద్ధి ఒకటి తీయాలంటే ఎక్కడో ఒకచోట కత్తెర వేయాలి, మరెక్కడో అతుకు పెట్టాలి. అమెరికాలో పుట్టి, జపానులో పెరిగి, ఇప్పుడు తెలుగు ఇళ్లలోని ఫోన్ల దాకా చేరిన పిల్లల క్రైస్తవ యానిమేషన్ చరిత్రను ఆ అతుకుల వెంట చదివితే, ఎవరి సొమ్ముతో, ఏ సాధనం మీద బొమ్మ కదిలిందనేదాన్ని బట్టి కత్తెర పడే చోటు మారుతూ వచ్చిందని తెలుస్తుంది.

బైబిలునూ సత్ప్రవర్తననూ ఒకే పాఠంగా కట్టడం సినిమాకన్నా చాలా పాతది. ఇంగ్లండులోని గ్లాస్టర్ పట్టణంలో 1780లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికా ప్రచురణకర్త నడిపిన ఆదివారపు బడి, వారంలో ఆరు రోజులు పనిచేసే పేద పిల్లలకు చదువు చెప్పడంతోపాటు వాళ్ల నడవడి దిద్దడాన్నీ లక్ష్యంగా పెట్టుకుంది. మన సంఘాల్లో సండే స్కూల్‌గా స్థిరపడిన ఈ ఏర్పాటు ఎక్కడికి వెళ్లినా తనతో బొమ్మలను తీసుకుపోయింది. గాజు పలకల మీది చిత్రాలను దీపం వెలుగుతో గోడమీదికి పంపే మాయాలాంతరు మొదట వచ్చింది. బట్ట పరచిన పలకపై కాగితపు ఆకారాలను అంటించి, తీసి, మళ్లీ అంటిస్తూ కథ చెప్పే ఫ్లానెల్‌గ్రాఫ్ ఇరవయ్యో శతాబ్దంలో వ్యాపించింది. దీనిలో టీచరు చేతిలో గొల్యాతు పలక మీద నుంచి జారి పడితే పిల్లలు నవ్వుతారు, ఆమె మళ్లీ నిలబెడుతుంది. కథ ఎంత చెప్పాలి, నీతి ఎక్కడ కలపాలి అనేది పూర్తిగా ఆమె ఇష్టం. టెలివిజన్ వచ్చాక ఆ ఇష్టం ఆమె చేతి నుంచి నిర్మాతల చేతికి మారింది.

అమెరికాలో ఆ మార్పుకు తొలి ప్రసిద్ధ ఉదాహరణ ‘డేవీ అండ్ గొలయత్’. యునైటెడ్ లూథరన్ చర్చ్ ఇన్ అమెరికా అనే సంఘం ఖర్చు పెట్టుకోగా, గంబీ అనే మట్టిబొమ్మను సృష్టించి అప్పటికే పేరు తెచ్చుకున్న ఆర్ట్ క్లోకీ, ఆయన భార్య రూత్ దీన్ని తయారుచేశారు; ప్రసారం 1961లో మొదలైంది. ఆ సంఘం పేరు తెలుగు క్రైస్తవ చరిత్రకు కొత్తది కాదు. 1842లో గుంటూరు చేరిన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హేయర్‌తో మొదలైన అమెరికన్ లూథరన్ మిషను పనిని ఇరవయ్యో శతాబ్దంలో పోషించినది ఈ సంఘమే, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడినప్పుడు దానికి వెన్నుదన్నుగా ఉన్నదీ ఇదే. గుంటూరు, రాజమండ్రి ప్రాంతాల బడులకూ ఆస్పత్రులకూ తోడ్పడిన సంఘమే తన దేశంలో ఒక బొమ్మ కుర్రవాడికీ వాడి కుక్కకూ డబ్బు పెట్టిందన్న సంగతి ఇక్కడి లూథరన్లలో కూడా ఎక్కువమందికి తెలిసినట్టు లేదు.

ఈ చిత్రాలు తయారైన పద్ధతి స్టాప్‌మోషన్. కీళ్ల దగ్గర వంగే చిన్న బొమ్మను నిలబెట్టి ఒక ఫొటో తీస్తారు, చేతిని వెంట్రుకవాసి జరిపి మరొకటి తీస్తారు, కనుబొమ కాస్త పైకెత్తి ఇంకొకటి. వాటిని సెకనుకు 24 చట్రాల చొప్పున తెరపై నడిపితే బొమ్మ బతికినట్టు కనిపిస్తుంది. ఒక్కో భాగం నిడివి 15 నిమిషాలు, అంటే 21 వేలకు పైగా చట్రాలు. ఒక్కో భంగిమను రెండు చట్రాలకు సరిపెట్టినా పది వేలసార్లకు పైగా ఎవరో ఒకరు బల్లమీదికి వంగి బొమ్మను కదపవలసిందే. ఆ ఓపికంతా డేవీ హాన్సన్ అనే పిల్లవాడు గుహలో తప్పిపోవడం వంటి అతి మామూలు సంగతులను చూపడానికి ఖర్చయింది. గొలయత్ అనే కుక్క మాట్లాడుతుంది గానీ ఆ మాట డేవీకీ చూసేవాళ్లకూ తప్ప ఎవరికీ వినపడదు. వాడు తప్పు చేయబోతుంటే సందేహిస్తూ వెంట నడిచే అంతరాత్మ అది. బైబిలులో దావీదుకు శత్రువైన రాక్షసుడి పేరును డేవీ ప్రాణస్నేహితుడికి పెట్టడంలోని చమత్కారం చెప్పకనే తెలుస్తుంది.

శీర్షికలో ఇద్దరు బైబిలు వ్యక్తులు వినిపిస్తున్నా తెరమీద బైబిలు కథ దాదాపుగా ఉండదన్నది ఇక్కడ గమనించదగిన విషయం. మార్టిన్ లూథర్ కీర్తన రాగం మొదట్లో మోగుతుంది, ఇంట్లో అమ్మానాన్నా దేవుని ప్రేమ గురించి మాట్లాడతారు, అంతే. కథకు నీతిని అతికించే కష్టాన్ని ఈ ధారావాహిక కథనే పక్కన పెట్టి తప్పించుకుంది. దీనికి కారణం భక్తి లోపం కాదు, ప్రసార వ్యవస్థ. గాలి తరంగాలు ప్రజల సొత్తు కనుక వాటిని వాడుకునే స్టేషన్లు కొంత ప్రజాప్రయోజన కార్యక్రమాన్ని చూపాలని అమెరికా ప్రభుత్వ నియంత్రణ సంస్థ కోరేది; ఆ లెక్కలో చూపుకోవడానికి స్టేషన్లు పేరున్న పాత సంఘాలకు ఆదివారం ఉదయం ఉచితంగా సమయం ఇచ్చేవి. ఉచితంగా దొరికిన సమయంలో కతోలిక పిల్లలు, యూదు పిల్లలు కూడా చూస్తారు కనుక ఎవరినీ నొప్పించని సాధారణ నీతే మిగిలింది. ఆ పరిమితిలోనే మేలు కూడా జరిగింది: నల్లజాతి పిల్లవాడైన జొనాథన్‌ను డేవీ స్నేహితుడిగా చూపినప్పుడు అమెరికా పిల్లల టెలివిజన్‌లో అటువంటి స్నేహం ఇంకా అరుదే. 1970ల మధ్యలో కొత్త భాగాలు ఆగిపోయాయి. 1980లలో నియంత్రణ సడలి, స్టేషన్లకు ఉచిత సమయం ఇవ్వవలసిన అగత్యం పోయాక పాత భాగాలు కూడా తెరమరుగయ్యాయి.

ఉచిత సమయానికి పోటీగా అప్పటికే మరో మార్గం బలపడింది. 1960లో పాట్ రాబర్ట్‌సన్ వర్జీనియాలో స్థాపించిన క్రిస్టియన్ బ్రాడ్‌కాస్టింగ్ నెట్‌వర్క్, అంటే సీబీఎన్, ప్రేక్షకుల విరాళాలతో సొంత స్టేషను నడిపింది, సమయాన్ని అడుక్కోవడం మాని కొనుక్కుంది. కొనుక్కున్న సమయంలో మొహమాటం అక్కర లేదు. ఈ సంస్థ పిల్లల కోసం కథలు తీయించదలచినప్పుడు వెళ్లింది టోక్యోకు. అక్కడి తత్సునోకో స్టూడియో 1962లో తత్సువో యోషిదా తన తమ్ముళ్లతో కలిసి పెట్టినది. అమెరికాలో ‘స్పీడ్ రేసర్’గా పేరుపొందిన కారు పందాల ధారావాహికా, పక్షి వేషాల వీరుల ‘గాచ్చామన్’ కూడా దాని సృష్టే. జనాభాలో క్రైస్తవులు నూటికి ఒకరు మాత్రమే ఉన్న దేశంలో, బహుశా ఆదికాండం ఎన్నడూ తెరవని చిత్రకారుల చేత ఆదికాండం గీయించడం పైకి వింతగా కనిపించినా, పరాయి కళ్లతో చూడడం వల్ల ఆ బొమ్మలకు ఒక కుతూహలం వచ్చింది.

1981 అక్టోబరులో జపాను టెలివిజన్‌లో మొదలైన ఈ ధారావాహిక అక్కడి పేరు ‘అనిమే ఒయాకో గెకిజో’. ఒయాకో అంటే తల్లిదండ్రులూ పిల్లలూ కలిసి అని, గెకిజో అంటే రంగశాల అని అర్థం. ప్రపంచానికి అది ‘సూపర్‌బుక్’గా తెలిసింది. క్రిస్ అనే అబ్బాయికి ఇంట్లో ఒక పాత పుస్తకం దొరుకుతుంది, అది వెలుగుతూ తెరుచుకుని అతన్నీ, స్నేహితురాలు జాయ్‌నీ, గిజ్మో అనే ఆటబొమ్మనూ బైబిలు కాలంలోకి లాగేసుకుంటుంది. జపాను రూపంలో ఆ ఆటబొమ్మ పేరు జెన్మాయ్‌జికాకె, అంటే ‘కీ ఇస్తే నడిచేది’. మన పిల్లల చేతుల్లో తిరిగే కీ బొమ్మ వంటిదే. పుస్తకంలోకి అడుగుపెట్టగానే అది ప్రాణమున్న మరమనిషిగా మారి మాట్లాడుతుంది, అంతలోనే కీ అయిపోయి ఆగిపోతుంది కూడా. భూమ్యాకాశాలు ఏర్పడుతున్నాయంటే పిల్లవాడు నమ్మినా నమ్మకపోయినా, కీ అయిపోయిన బొమ్మ బాధ వాడికి వెంటనే తెలుస్తుంది.

కాలంలో వెనక్కి పోయే ఈ యుక్తి జపాను పిల్లలకు అప్పటికే అలవాటైనదే. ఇదే స్టూడియో 1975లో ‘టైమ్ బోకన్’ అనే కాలయాన హాస్య ధారావాహిక తీసింది. అయితే బైబిలుకు దాన్ని వాడినప్పుడు నీతి, కథ అనే రెండింటి సంబంధం కొత్తగా అమరింది. భాగం మొదట్లో క్రిస్‌కు ఏదో చిన్న తగువు, భయం లేదా అబద్ధం ఎదురవుతుంది. పుస్తకం ఆ సమస్యకు సరిపోయే కాలానికి తీసుకుపోతుంది. అక్కడ చూసినదాన్ని బట్టి ఇంటికొచ్చాక తన తప్పు దిద్దుకుంటాడు. నీతి ఈ కాలపు పిల్లవాడి ఇంట్లో ఉంటుంది, కథ ఆ కాలపు ఎడారిలో ఉంటుంది, రెంటి మధ్య అతుకు ఆ ఎగిరే పుస్తకమే. అతుకు ప్రతిసారీ నిలిచిందని చెప్పలేం. అన్నదమ్ముల్లాంటి ఇద్దరు పిల్లల మధ్య చిన్న పంతానికి ఒక సామ్రాజ్య పతనాన్ని జవాబుగా చూపినప్పుడు తూకం చెడిపోతుంది. అయినా కథను మొత్తంగా చెప్పే వీలు మాత్రం దీనితోనే మొదటిసారి వచ్చింది, ఎందుకంటే ఇంటి తగువుకు నీతి దొరికాక బైబిలు వ్యక్తి తన లోపాలతో తాను ఉండిపోవచ్చు.

దీని వెంటనే 1982 ఏప్రిల్‌లో అదే స్టూడియో నుంచి ‘ది ఫ్లయింగ్ హౌస్’ వచ్చింది. మొదటిది 26 భాగాలు, ఎక్కువగా పాత నిబంధన. ఇది 52 భాగాలు, పూర్తిగా క్రొత్త నిబంధన. గాలివానకు తలదాచుకోబోయిన పిల్లలు అడవిలోని ఒక శాస్త్రజ్ఞుడి ఇంట్లో దూరుతారు, ఆ ఇల్లే కాలయంత్రం, అది చెడిపోయి వాళ్లను యేసు కాలంలో వదిలేస్తుంది. ‘సూపర్‌బుక్’ పిల్లలు ప్రతిసారీ ఇంటికి తిరిగొస్తారు. వీళ్లు తిరిగి రాలేక ఊరూరా తిరుగుతారు. అందుకే దీనిలో నీతి తగ్గింది, ఇంటిమీది బెంగ పెరిగింది, సువార్త కథ ఒక వరుసలో నడిచింది. 1983లో వచ్చిన రెండో ‘సూపర్‌బుక్’లో పుస్తకం కంప్యూటరుతో కలిసిపోయింది, అందులో పడి తప్పిపోయిన కుక్కపిల్ల కోసం పిల్లలు పాత నిబంధన అంతా గాలించారు. ఈ ధారావాహికలకు దక్కిన అన్నిటికన్నా పెద్ద ప్రేక్షకలోకం మాత్రం వాటిని తీసినవాళ్లు ఊహించనిది. 1990ల తొలినాళ్లలో సోవియట్ వ్యవస్థ కూలుతున్న వేళ ఇవి రష్యన్ భాషలో ప్రసారమై, బైబిలు చూడకుండా పెరిగిన ఒక తరానికి ఆ కథలను మొదటిసారి పరిచయం చేశాయి; ఇప్పుడు నడివయసులో ఉన్న అక్కడివాళ్లకు ‘సూపర్‌క్నిగ’ అనే పేరు బాల్యస్మృతిలో భాగం.

1980ల మధ్యకు వీడియో క్యాసెట్ ఇళ్లలోకి రావడంతో స్టేషను అనుమతి కూడా అవసరం లేకుండా పోయింది. టామ్ అండ్ జెర్రీని సృష్టించిన జంటలో ఒకరైన జోసెఫ్ బార్బెరా ఏళ్ల తరబడి కన్న కలను హన్నా-బార్బెరా సంస్థ ‘ది గ్రేటెస్ట్ అడ్వెంచర్’ పేరిట 13 క్యాసెట్లుగా తీసింది. అందులోనూ ఇద్దరు యువ పురావస్తు పరిశోధకులు ఒక సంచార బాలుడితో కలిసి శిథిలాలలోని ద్వారం దాటి ప్రాచీన కాలంలోకి జారిపోతారు. ‘సూపర్‌బుక్’ తర్వాత ఈ యుక్తిలో కొత్తదనం పెద్దగా లేదు.

కొత్తదనం కూరగాయల రూపంలో వచ్చింది. మినెసోటాలోని ఒక బైబిలు కళాశాలలో కలుసుకుని చదువు మధ్యలోనే వదిలేసిన ఫిల్ విషర్, మైక్ నవ్రాకీ షికాగోలో పెట్టిన బిగ్ ఐడియా సంస్థ 1993 డిసెంబరులో ‘వెజీటేల్స్’ మొదటి క్యాసెట్ విడుదల చేసింది. కంప్యూటరు లోపల ఆకారాన్ని కట్టి దానికి వెలుగునీడలు లెక్కగట్టించే త్రీడీ యానిమేషన్‌కు ఆ రోజుల్లో జుట్టు, బట్టలు, చేతులు, కాళ్లు చాలా బరువైన పని. వాళ్లకు అందుబాటులో ఉన్న యంత్రాలు వాటిని మోయలేవు. కనుక చేతులూ కాళ్లూ జుట్టూ లేని పాత్ర కావాలి. విషర్ మొదట మిఠాయి కడ్డీ గీస్తే, పిల్లలు మిఠాయి మీద మనసు పడితే తల్లులు ఒప్పుకోరని ఆయన భార్య అన్నది. అలా పుట్టినవే బాబ్ అనే టమాటా, ల్యారీ అనే దోసకాయ. వంటింటి గట్టుమీద నిలబడి, ఒక పిల్లవాడు రాసిన ఉత్తరంలోని సమస్యకు ఇవి ఒక కథ ఆడి చూపుతాయి. చివర క్వర్టీ అనే కంప్యూటరు తెరమీద ఒక బైబిలు వాక్యం చూపిస్తుంది. తెలుగు సండే స్కూల్లో పాఠం చివర పిల్లలచేత అప్పజెప్పించే కంఠత వాక్యం స్థానం అది.

చేతులు లేని పాత్రలతో మనుషుల కథలను యథాతథంగా ఆడించలేరు, కాబట్టి వీళ్ల అతుకు పేరడీ అయింది. దానియేలు గ్రంథంలోని షద్రకు, మేషాకు, అబేద్నెగోల కథ 1995లో ‘ర్యాక్, షాక్ అండ్ బెన్నీ’ అయినప్పుడు నెబుకద్నెజరు రాజు చాక్లెట్ ఫ్యాక్టరీ యజమాని అయ్యాడు, అతని బంగారు ప్రతిమ తొంభై అడుగుల చాక్లెట్ కుందేలు అయింది. దీనికన్నా తెగువ చూపినది 2000 నాటి ‘కింగ్ జార్జ్ అండ్ ద డక్కీ’. దావీదు, బత్షెబల కథను పిల్లలకు చెప్పడం ఎట్లా అన్న ప్రశ్నకు ఇందులో దొరికిన జవాబు స్నానాల తొట్టిలో తేలే రబ్బరు బాతు. అంతకుముందే అల్మారా నిండా బాతులున్న రాజు ఎదురింటి పిల్లవాడి ఒక్కగానొక్క బాతును ఆశించి, దాన్ని దక్కించుకోవడానికి వాడిని యుద్ధానికి పంపుతాడు. వ్యభిచారం, హత్య అనే రెండు నేరాలను తీసేసి ఆశను మాత్రం ఉంచడం పైకి కథను పలచన చేసినట్టే ఉంటుంది. కానీ సమూయేలు రెండవ గ్రంథంలో నాతాను ప్రవక్త రాజు ముందు సరిగ్గా ఇదే పని చేశాడు: బత్షెబ పేరెత్తకుండా, మందలున్న ధనికుడు పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను లాక్కున్న కథ చెప్పాడు. బాతు ఆ గొర్రెపిల్లకు వారసురాలు. ఈ రంగంలో నీతీ కథా ఇంత అతుకు కనపడకుండా కలిసిన సందర్భం మరొకటి అరుదు.

బిగ్ ఐడియా 2002లో తీసిన యోనా చలనచిత్రం గురించి కూడా ఒక మాట చెప్పాలి. చేపలతో చెంపదెబ్బలు కొట్టే నీనెవెవాళ్లతో, పాటలతో సాగిన ఆ సినిమా చివర యోనా సొరచెట్టు ఎండిపోయాక అలిగి కూర్చుంటాడు, కథ అక్కడే ఆగిపోతుంది, వింటున్న పాత్రలు ఇదేం ముగింపని అడుగుతాయి. మూలంలోని అసంపూర్ణతను పూరించకుండా దాన్ని పిల్లల నోటే ప్రశ్నగా పలికించడం ధైర్యమే. ఆ సినిమా ఖర్చులకూ, విపరీతంగా పెరిగిన సంస్థ జీతాలకూ, పంపిణీ ఒప్పందంపై ఓడిన వ్యాజ్యానికీ తట్టుకోలేక బిగ్ ఐడియా 2003లో దివాలా తీసింది. అప్పీలులో ఆ తీర్పు 2005లో తారుమారైంది గానీ అప్పటికే పాత్రలు వేలంలో క్లాసిక్ మీడియా చేతికి వెళ్లిపోయాయి.

కత్తెర అసలు స్వభావం ఆ తర్వాత బయటపడింది. 2006లో ఎన్‌బీసీ సంస్థ శనివారం ఉదయాల్లో ‘వెజీటేల్స్’ చూపినప్పుడు దేవుని ప్రస్తావనలను కొన్ని కత్తిరించారు. ఆగ్రహించినవాళ్లు చాలామందే గానీ, అంతకన్నా ఆసక్తికరమైన సంగతి వేరొకటుంది: దేవుణ్ణి తీసేసినా చాలా కథలు ఇబ్బంది లేకుండా నడిచాయి. పంచుకో, క్షమించు, అబద్ధమాడకు అనే బుద్ధులకు దేవుడు అత్యవసరం కాలేదన్నమాట. విషర్ కూడా ఆ తర్వాతి కాలంలో ఒక ముఖాముఖిలో, తాను పదేళ్లపాటు పిల్లలకు క్రైస్తవుల్లా నడుచుకోవడం నేర్పాను గానీ క్రైస్తవం నేర్పలేదని ఒప్పుకున్నాడు. 1961లో లూథరన్ సంఘం ఉచిత సమయం కోసం చేసిన సర్దుబాటునే, సర్దుబాటు అని గుర్తించకుండా ఆయన సంస్థ కూడా చేసింది. విషర్ తర్వాతి పని ‘వాట్స్ ఇన్ ద బైబిల్’ అనే పప్పెట్ బొమ్మల ధారావాహిక. అది ఆదికాండం నుంచి ప్రకటన గ్రంథం దాకా కథను వరుసగా చెబుతుంది, బుద్ధులు చెప్పడానికి తొందరపడదు.

ఈ వివాదాలకు దూరంగా 1996లో వేల్స్ టెలివిజన్ సంస్థ ఎస్4సీ, బీబీసీ, మాస్కోకు చెందిన క్రిస్మస్ ఫిల్మ్స్ కలిసి తీసిన ‘టెస్టమెంట్’ తొమ్మిది భాగాలూ ఉన్నాయి. అందులో పిల్లవాడు లేడు, కుక్క లేదు, నీతి వాక్యం లేదు. కథకు ఒక చిత్రణ పద్ధతి చొప్పున తీర్చిన ఆ బొమ్మలు ఈ రంగంలో అన్నిటికన్నా అందమైనవి, సండే స్కూళ్లలో అన్నిటికన్నా తక్కువ పరిచయమున్నవి కూడా.

తెలుగు పిల్లలకు చేరిన ‘సూపర్‌బుక్’ 2011లో సీబీఎన్ కంప్యూటరు బొమ్మలతో మళ్లీ తీసినది. క్రిస్, జాయ్ ఇద్దరి ఇంటిపేర్లూ పరస్పరం మార్చేశారు. కీ బొమ్మ గిజ్మోకు ఇక కీ అవసరం లేదు. సంస్థ దాన్ని అనేక భాషల్లోకి డబ్బింగ్ చేయించి ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది, వాటిలో తెలుగు ఒకటి. ఉచిత ప్రసార సమయంతో మొదలైన కథ, విరాళాల సొమ్ముతో నడిచే ఉచిత వీడియో దగ్గరికి వచ్చింది. ఈసారి మొహమాటం మాత్రం లేదు, చాలా భాగాల్లో యేసుపై విశ్వాసమే నేరుగా పాఠం.

ఇక్కడ తెలుగు అనువాదకుడికి ఎదురయ్యే చిక్కు జపాను చిత్రకారుడికీ షికాగో కుర్రాళ్లకూ ఎదురుకానిది. తెలుగు సంఘాలు తరాలుగా చదివే బైబిలు భాష గ్రాంథికం. అందులో యెహోవా ‘సెలవిస్తాడు’, జనులు ‘మొఱ్ఱపెడతారు’. తెరమీద క్రిస్ ఇంటి భాష మాత్రం మన వీధిలో పిల్లలు ఆడుకునే భాష కావాలి. క్రిస్, జాయ్ పేర్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. వాళ్లు పుస్తకంలోకి దూకాక కలిసేవాళ్లను డేవిడ్, సాల్ అంటే పిల్లల పక్కన కూర్చుని చూసే అవ్వకు పరాయివాళ్లుగా తోస్తారు, దావీదు, సౌలు అంటే ఇంటివాళ్లవుతారు. ఆదివారం ఉదయం గొల్యాతు అని చదివి మధ్యాహ్నం గొలయత్ అని విన్న పిల్లవాడు ఆ ఇద్దరూ ఒక్కరేనా అని అడిగినప్పుడు జవాబు చెప్పవలసింది ఇప్పటికీ ఫ్లానెల్ పలక పట్టుకున్న ఆ సండే స్కూల్ టీచరే.